మూడింట నాలుగు

విశ్వవిద్యాలయం వాళ్లు బడిని బాగుచేయడానికి వస్తున్నారని తెలిసిన రోజే లెక్కల టీచరుకు అనుమానం వచ్చింది. మేలు చేసేవాళ్లు వస్తూనే చేతుల కుర్చీలు ఉన్నాయా అని అడగరు. వీళ్లు అడిగారు.

బృందానికి పెద్ద ఒక ప్రొఫెసరు. గణిత బోధన మీద ఆయనకు పేరుంది. గణితం మీదా, బోధన మీదా విడివిడిగా మాత్రం ఏమీ లేదు. "విశ్వవిద్యాలయానికీ బడికీ మధ్య వంతెన వేయడానికే నేను పుట్టాను" అని మొదటి సభలో అన్నాడు. రెండో సభలోనూ అదే అన్నాడు. మూడో సభ నాటికి స్టాఫ్ రూంలో ఆయన పేరు వంతెన అయిపోయింది. వంతెన అన్నాక అందరూ తొక్కుకుంటూ పోతారని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఏర్పాటు ఇది. విరిగిన బెంచీలు పడేసే గదికి ఆకుపచ్చ రంగు కొట్టి గణిత ప్రయోగశాల అని బోర్డు తగిలించారు. ఆరో తరగతికి భిన్నాల పాఠం అక్కడ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థులు చెబుతారు. ఆ సమయానికి లెక్కల టీచరు విశ్వవిద్యాలయానికి వెళ్లి చల్లటి హాల్లో కూర్చుని శిక్షణ పొందుతుంది. అంటే లెక్కలు చెప్పడం వచ్చిన మనిషి అక్కడ కూర్చుని లెక్కలు ఎలా చెప్పాలో వింటుంది. జన్మలో ఎప్పుడూ సుద్దముక్క పట్టనివాళ్లు ఇక్కడ నిలబడి లెక్కలు చెబుతారు. దీనికి భాగస్వామ్యం అని పేరు.

శిక్షణలో వంతెన ప్రతిసారీ ఒకే ఉపన్యాసం ఇచ్చేవాడు. "మన బడుల్లో ఐదింట నాలుగు వంతుల పిల్లలు లెక్కలంటే భయపడుతున్నారు" అని మొదలుపెట్టి, చెయ్యి గాల్లో తిప్పి, కాసేపు ఆగేవాడు. ఆ ఆగడం కూడా ప్రతిసారీ ఒకే చోట. లెక్కల టీచరు ఆ సమయంలో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకునేది.

అలా ఒక టర్మ్ అంతా ప్రశాంతంగా గడిచింది. ఒక మంగళవారం సాయంత్రం టీ దగ్గర అసలు సంగతి బయటపడింది.

బడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే ఆమె వంటింట్లోకి కేకేసింది.

"పిచ్చుకా, టీకి నీళ్లు పెట్టవే. ఆ పెద్ద గ్లాసుతో నాలుగింట మూడు వంతులు చాలు. నిండా పోశావంటే టీ కాదు, వేణ్నీళ్లు తాగాలి."

పిచ్చుక ఆమె అక్క కూతురు. అక్క వేరే ఊళ్లో ఆసుపత్రి నర్సు. డ్యూటీలు కుదరక పిల్లను చెల్లెలి దగ్గర ఉంచింది. పిల్ల ఆరో తరగతి చదువుతోంది. శనివారం రెసిడెన్షియల్ సైన్సు స్కూలు ప్రవేశ పరీక్ష రాయబోతోంది. ఆ స్కూలు మేడ మీద పెద్ద టెలిస్కోపు ఉందని ఎవరో చెప్పినప్పటి నుంచి పిచ్చుకకు వేరే ధ్యాస లేదు. దాని పుస్తకాల అట్టల మీద చందమామ మచ్చలతో సహా దిగిపోయాడు.

వంటింట్లో కుళాయి చప్పుడు వినిపించలేదు.

"ఏమైందే?"

"గ్లాసు చాలదు పిన్నీ."

"ఏం, చిల్లు పడిందా?"

"చిల్లేం లేదు. నాలుగింట మూడు అంటే గ్లాసు దాటిపోతుంది కదా. ఒక గ్లాసు నిండా పోసి, ఇంకో గ్లాసులో మూడో వంతు పొయ్యాలి."

లెక్కల టీచరు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "వేళాకోళమా?"

"నువ్వే ఆడుతున్నావనుకున్నా. నిండా పొయ్యొద్దంటావు, నిండు కన్నా ఎక్కువ పొయ్యమంటావు."

"నాలుగింట మూడు ఎలా రాస్తారో రాయి."

పిచ్చుక తడివేలితో గట్టు మీద రాసింది. నాలుగు పైన. గీత. మూడు కింద.

"మరి మూడు పైన ఉండి, నాలుగు కింద ఉంటే?"

"మూడింట నాలుగు."

"ఎవరు చెప్పారే నీకు?"

"ల్యాబులో ఇచ్చిన కార్డు మీద అలాగే ఉంటుంది. పాట కూడా ఉంది." పిచ్చుక చప్పట్లు కొడుతూ పాడింది. "పైది ముందంట, కిందది వెంట, నడుమన పెట్టు ఇంట."

లెక్కల టీచరు గట్టు మీద ఆ తడి అంకెలు ఆరిపోయేదాకా చూస్తూ ఉండిపోయింది. అయిదో తరగతి దాకా ఈ పిల్లలు మూడు బై నాలుగు అనే చదివారు. నాలుగింట మూడు అని మాటల్లో చదవడం ఆరులో మొదలవుతుంది. ఆ మొదలే తలకిందులుగా పడింది. ప్రవేశ పరీక్షలో భిన్నాలన్నీ మాటల్లోనే ఇస్తారు. తరగతి మొత్తం ప్రతి భిన్నం చేతా శీర్షాసనం వేయించి, శ్రద్ధగా, తప్పు లేకుండా లెక్క చేసి, సున్నా తెచ్చుకుంటారు.

ఆ సాయంత్రమంతా కూర్చోబెట్టి సరిచేసింది. పిల్ల చురుకైనది, పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టరు గదికి వెళ్లింది. ఈయన ఎవరితో మాట్లాడుతున్నా మధ్యమధ్యలో ఫోను వైపు చూస్తాడు. జిల్లా ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీ అవుతోందని, ఆ కబురు ఫోనులోనే వస్తుందని ఆయన నమ్మకం.

ఆమె విషయం చెప్పింది. ఆయన విన్నాడు. అర్థం చేసుకునే పని మాత్రం పెట్టుకోలేదు.

"ల్యాబు పరీక్షలో మనవాళ్ల మార్కులు చూశావా అమ్మా? ఏ బడిలోనూ అన్ని రాలేదు."

"ఆ పరీక్ష ఎవరు పెట్టారు సార్?"

"వాళ్లే."

"పాఠం వాళ్లది, ప్రశ్న వాళ్లది, జవాబు వాళ్లది, తప్పు కూడా వాళ్లదే. మార్కులు రాక ఎక్కడికి పోతాయి?"

"శుక్రవారం నిపుణుల బృందం వస్తోంది. ప్రదర్శన పాఠం ఉంది. ఈ రెండు రోజులూ రిహార్సల్సు. ఇప్పుడు నువ్వు కెలకొద్దు."

"శనివారం పిల్లలకు ప్రవేశ పరీక్ష ఉంది సార్."

"నాలుగు లెక్కలు పోతే పోతాయి. మళ్లీ ఏడాది రాసుకోమను."

"అది ఆరో తరగతి వాళ్లకే పెట్టే పరీక్ష. మళ్లీ ఏడాదికి వీళ్లు ఏడులో ఉంటారు."

హెడ్మాస్టరు ఫోను వైపు చూశాడు. ఫోను ఆయనకు ఏ సలహా ఇవ్వలేదు. సొరుగు లాగి లోపలున్న కట్టను తట్టి చూపించాడు.

"హాల్ టికెట్లు. శుక్రవారం కార్యక్రమం సజావుగా అయ్యాక ఇస్తాను. ప్రదర్శనలో ఒక్క పిల్ల కార్డుకి తేడాగా చెప్పిందంటే, ఎవరు నేర్పారో నాకు తెలుసు. ఆ టికెట్టు ఎక్కడ పెట్టానో మర్చిపోతాను. నాకసలే మతిమరుపు."

ఈ మనిషికి మతిమరుపు లేదు. ఇరవై ఏళ్ల కింద తనకు నమస్కారం పెట్టనివాళ్ల పేర్లు కూడా గుర్తున్నాయి.

బుధవారం సాయంత్రం పిచ్చుక రిహార్సలు నుంచి వచ్చింది. "మూడింట రెండు రాయవే" అంది పిన్ని. పిచ్చుక రాసింది. కొట్టేసింది. తిప్పి రాసింది. మళ్లీ కొట్టేసింది.

"పాట ఆగట్లేదు పిన్నీ. నువ్వు చెప్పింది అనుకునేలోపు చెవిలో అది పాడేస్తోంది."

"ఎన్నిసార్లు పాడించారే?"

"గొంతు పోయేదాకా. నువ్వు చెప్పిందే నిజమా?"

"నిజమే."

"అయితే మిగతావాళ్లకి ఎందుకు చెప్పవు?" పిచ్చుక కళ్లెర్ర చేసింది. "వాగుడుకాయకి కూడా శనివారం పరీక్షే. నాకొక్కదానికి చెప్పి ఊరుకుంటే అదేం టీచరు పని?"

వాగుడుకాయ పిచ్చుక పక్కన కూర్చునే పిల్ల. నిద్రలో కూడా ప్రశ్నలడుగుతుందని వాళ్లమ్మ మొత్తుకుంటుంది.

రాత్రి తను ఎక్కించింది మర్నాటికల్లా ల్యాబు దించేస్తోంది. ఇంట్లో కూర్చుని గెలిచే పని కాదిది. ఆమెకు తరగతి కావాలి. శనివారం లోపు ఒక్క పూట, ఆ పాట లేకుండా, తరగతి మొత్తం.

గురువారం ఆమె విశ్వవిద్యాలయంలో వంతెన గదికి వెళ్లింది.

గది చల్లగా ఉంది. గోడల నిండా జ్ఞాపికలు. బల్ల మీద అద్దం పెట్టెలో అగ్గిపుల్లలతో చేసిన వంతెన బొమ్మ. ఎవరో శిష్యులు ఇచ్చారట. అగ్గిపుల్లలతోనే ఎందుకు చేశారో ఆలోచించినట్టు లేదు.

"రండమ్మా. క్షేత్రం నుంచి ఎవరొచ్చినా నాకు సంతోషమే."

ఆమె ల్యాబు కార్డు ఒకటి బల్ల మీద పెట్టింది. మూడు పైన, నాలుగు కింద, పక్కన మూడింట నాలుగు అని అక్షరాల్లో. "ఇది చదవండి సార్."

ఆయన చదవబోయాడు. పెదవులు కదిలాయి. ఆగిపోయాయి.

ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. పక్కవాడి పేపర్లో చూసి రాస్తూ దొరికిపోయిన పిల్లవాడి చూపు. పిల్లవాడైతే తల దించుకుంటాడు. ప్రొఫెసరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"మీరు పాత పద్ధతిలో ఆలోచిస్తున్నారమ్మా. పిల్లవాడి కన్ను పై నుంచి కిందికి దిగుతుంది. పైన ఏముంది? మూడు. కింద? నాలుగు. మేం కంటిని అనుసరించాం. దీన్ని..." ఆయన పైకప్పు వైపు చూశాడు. "అవరోహణ పఠనం అంటారు."

"ఎవరంటారు?"

"మేం అంటాం." ఆ మాట ఆయనకు నచ్చింది. మర్చిపోకుండా చిత్తుకాగితం మీద రాసుకున్నాడు.

"ఇది మీరు ఇప్పుడే కనిపెట్టారు సార్."

"పరిశోధన అంటే అదేనమ్మా."

"మరి మీ ఉపన్యాసంలో ఐదింట నాలుగు వంతుల పిల్లలు అంటారు కదా. అప్పుడు మీ కన్ను ఎటు దిగుతుంది?"

వంతెన నవ్వాడు. ఉపన్యాసం ఆయన నోట్లోంచి వస్తుంది, చెవుల దాకా ఎప్పుడూ పోలేదు. "అది వాడుక భాషమ్మా. ఇది శాస్త్రం. అయినా కార్డులు అచ్చయిపోయాయి, జిల్లా అంతటికీ. ఇప్పుడు మార్చమంటే ఎలా?"

అసలు సంగతి చివర్లో వచ్చింది. అచ్చయిపోయింది కాబట్టి అదే నిజం.

"పరీక్ష రాసే పిల్లలు?"

"ఏ ప్రయోగంలోనైనా కొంత నష్టం ఉంటుంది" అన్నాడు, ఆ నష్టం పక్కింటివాళ్లది అయినట్టు.

వరండాలో ఒకమ్మాయి ఆమె కోసం కాచుకుని ఉంది. బడిలో పిల్లలు స్కాలరమ్మ అని పిలిచే పరిశోధక విద్యార్థిని. ల్యాబు పాఠాలు చెప్పేది, కార్డులు తయారుచేసేది, వంతెన పేరు మీద వచ్చే వ్యాసాలు రాసేది, అన్నీ ఆమే.

"మేడం, ప్రింటుకి పంపేముందే నేను చెప్పాను. కార్డులు పరాయి భాషలోంచి దించినవి. అక్కడ మాట ఏ వరసలో ఉంటే మనకీ అదే వరసలో ఉండాలన్నారు సార్. ఒక్క మాట కదిపినా ఊరుకోనన్నారు."

"చెప్పినదానివి క్లాసులో అలాగే ఎందుకు పాడించావు?"

"నా డిగ్రీ మీద ఆయన సంతకం కావాలి మేడం."

"సంతకం కోసం నలభై మంది పిల్లల్ని తలకిందులు చేశావు. బాగుంది."

అమ్మాయి మొహం ఎర్రబడింది. లెక్కల టీచరుకు జాలి కలగలేదు. కాకపోతే పనికొచ్చే మనిషిని తిట్టి పంపేసే రకం కాదు ఆమె.

"రేపు సభలో ఆయన ఏం మాట్లాడతాడు?"

"ఎప్పుడూ మాట్లాడేదే. చివర్లో మాత్రం భయపడుతున్నారు అనే బదులు భయం పోయింది అంటారు. ఐదింట నాలుగు వంతుల పిల్లలకు..." స్కాలరమ్మ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

"అప్పుడు పిల్లలు ఎక్కడుంటారు?"

"ల్యాబులోనే. ఉపన్యాసం అయ్యాక లోపలికి పిలుస్తారు."

"ఆ పసుపు కార్డులు ఇంకా ఉన్నాయా?"

ఉన్నాయి. ప్రాజెక్టుకు గొప్ప గర్వకారణం అవే. సందేహం వచ్చిన క్షణంలో ఎవరైనా సరే, ఎంత పెద్దవాళ్లు మాట్లాడుతున్నా సరే, పిల్లలు పసుపు కార్డు ఎత్తాలి. ఎత్తకపోతే తప్పు. ఈ ఒక్క విషయం మాత్రం వాళ్లు పిల్లలకు బాగానే నేర్పారు.

లెక్కల టీచరు తిన్నగా బడికొచ్చి హెడ్మాస్టరు ముందు వినయంగా నిలబడింది. ఆమెను అలా చూడటం ఆయనకు కొత్త.

"సార్, రేపు హాల్లో ముందు వరసలు బోసిగా కనిపిస్తాయేమో. ఫొటోలు తీస్తారు కదా. మొదటి నుంచే పిల్లల్ని కూర్చోబెడితే నిండుగా ఉంటుంది. పసుపు కార్డులు చేతిలో పట్టుకుని."

హెడ్మాస్టరు కళ్ల ముందు ఫొటో కదిలింది. అందులో తనూ ఉన్నాడు. "అప్పుడప్పుడు నువ్వూ మంచిమాట చెబుతావమ్మా" అన్నాడు.

శుక్రవారం పొద్దున హాలు నిండిపోయింది. ముందు మూడు వరసల్లో ఆరో తరగతి, ఉతికిన యూనిఫారాల్లో. వేదిక మీద నిపుణులు. వాళ్లలో పెద్దావిడ ఒకప్పుడు లెక్కల ప్రొఫెసరు. ఒళ్లో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని కళ్లు సగం మూసుకుంది. ఇలాంటి సభలు చాలా చూసిన మనిషి ఎలా కూర్చుంటుందో అలా కూర్చుంది. హెడ్మాస్టరు ఆమెకు స్వాగతం చెబుతూ రెండు సార్లు ఫోను చూసుకున్నాడు.

ఈ సభ గురించి పిచ్చుకకు గానీ, వాగుడుకాయకు గానీ పిన్ని ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు. ఆ పిల్లల్ని అంత బాగా తయారుచేసింది వంతెనే.

ఆయన లేచాడు. విశ్వవిద్యాలయానికీ బడికీ మధ్య వంతెన వేయడానికే పుట్టానన్నాడు. స్టాఫ్ వరసలో ఇద్దరు దగ్గారు. చివరికి ఆ చోటు వచ్చింది. చెయ్యి గాల్లో తిరిగింది.

"ఈ రోజు గర్వంగా చెబుతున్నాను. ఈ తరగతిలో ఐదింట నాలుగు వంతుల పిల్లలకు లెక్కలంటే భయం పోయింది."

ఆగాడు.

ముందు వరసలో ఒక పసుపు కార్డు లేచింది. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే మూడు వరసలూ పసుపుపచ్చగా మారిపోయాయి.

వంతెన మొహం వెలిగిపోయింది. వేదిక వైపు తిరిగాడు. "చూడండి. నా ఉపన్యాసాన్ని కూడా ఆపే ధైర్యం. ఇదే మేం కోరుకున్నది. అడగమ్మా."

వాగుడుకాయ లేచి నిలబడింది.

"సార్, మా క్లాసులో నలభై మందిమి."

"అవును తల్లీ."

"నలభైలో ఐదింట నాలుగు అంటే యాభై."

"ఏమిటి?"

"యాభై మందికి భయం పోయింది సార్. మేం నలభై మందిమే. ఆ పదిమంది ఎవరు?"

ఎవరో నవ్వారు. పిల్లలు నవ్వలేదు. వాళ్లకు నిజంగానే సందేహం. కొందరు ఆ పదిమంది కోసం వెనక్కి తిరిగి చూశారు కూడా.

పెద్దావిడ కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. "యాభై ఎలా వచ్చిందమ్మా?"

"ఐదు పైన, నాలుగు కింద. పైది ముందంట, కిందది వెంట." వాగుడుకాయ మొదలుపెట్టగానే అలవాటు కొద్దీ తరగతంతా అందుకుంది. చప్పట్లతో సహా పాట పూర్తిచేసి కూర్చున్నారు.



పెద్దావిడ హ్యాండ్‌బ్యాగు పక్కన పెట్టి, లేచి బోర్డు దగ్గరికి వెళ్లింది. నాలుగు పైన, ఐదు కింద రాసింది. సుద్దముక్క చేతిలోనే ఉంచుకుని వంతెన వైపు తిరిగింది.

"ప్రొఫెసరుగారూ, దీన్ని చదవండి."

చిన్న ప్రశ్న. ఐదింట నాలుగు అంటే జిల్లా అంతటికీ అచ్చేసిన కార్డులు తప్పు. నాలుగింట ఐదు అంటే ఇప్పుడే గర్వంగా చెప్పిన మాట తప్పు. వంతెన గ్లాసెత్తి నీళ్లు తాగాడు. తాగుతూనే ఉన్నాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా కాసేపు తాగాడు.

గ్లాసు దించేసరికి ఆయన మొహంలో వెలుగు తిరిగొచ్చింది.

"ఈ క్షణం కోసమే ఎదురుచూశానండీ. కార్డుల్లో దోషం మేం కావాలనే పెట్టాం. పిల్లలు దాన్ని తమంతట తామే పట్టుకుంటారా అన్నదే మా ప్రయోగం. ఈరోజు మీ కళ్ల ముందే పట్టుకున్నారు."

వెనక స్కాలరమ్మ తలపట్టుకుంది. హెడ్మాస్టరు చప్పట్లు కొట్టాడు. దేనికో ఆయనకే తెలియదు.

"ఓహో" అంది పెద్దావిడ. ఆ ఓహోలో నమ్మకం చెంచాడు కూడా లేదు. "కావాలని పెట్టిన దోషాన్ని ఎప్పుడు తీసేస్తారు?"

"అది రెండో దశలో. వచ్చే సంవత్సరం..."

లెక్కల టీచరు లేచి నిలబడింది. ఒక్క మాటతో ఆ మనిషిని నడిహాల్లో ముంచేయగలదు. అబద్ధం అంటే చాలు. అప్పుడు విచారణ అంటారు, కమిటీ అంటారు, కార్డులు సీలు వేస్తారు, సాయంత్రం దాకా కేకలు. పిల్లలు మాత్రం పొద్దున్నే అదే పాటతో పరీక్షకు వెళతారు.

"రెండో దశ ఈ మధ్యాహ్నమేనమ్మా" అంది పెద్దావిడతో. "రేపు వీళ్లకు ప్రవేశ పరీక్ష ఉందని సార్ నిన్న తన గదిలోనే అన్నారు. ల్యాబు, తరగతి నాకు అప్పగిస్తానన్నారు. హాల్ టికెట్లు కూడా నా చేతికే ఇవ్వమని హెడ్మాస్టరుగారికి చెప్పారు. కదా సార్?"

తాడు ఎక్కడి నుంచి వచ్చిందో మునిగేవాడు చూడడు. వంతెన గబుక్కున పట్టుకున్నాడు.

"అవునవును. భాగస్వామి ఉపాధ్యాయిని. మా నమూనాకు ఆవిడే గుండెకాయ."

"హెడ్మాస్టరుగారూ, సొరుగు తాళం" అంది గుండెకాయ.

మధ్యాహ్నం ఆకుపచ్చ గదిలో ఆమె ముందుగా పసుపు కార్డులు తప్ప మిగతావన్నీ బీరువాలో పడేసి తాళం వేసింది. స్కాలరమ్మ వచ్చి వెనక బెంచీ మీద కూర్చుంది. పొమ్మనలేదు.

"నాలుగింట మూడు. ఇంట అంటే ఏమనుకుంటున్నారు?"

"తెలీదు టీచర్."

"ఇల్లే అనుకోండి, గొడవ వదిలిపోతుంది. నాలుగు గదుల ఇంట మూడు గదుల్లో దీపాలు. ముందు ఏం చెయ్యాలి? ఇల్లు కట్టాలి. ఇల్లు కింద నేల మీద ఉంటుంది. అది నాలుగు. తర్వాత దీపాలు పైన పెట్టాలి. అవి మూడు. ఇల్లు కట్టకుండా దీపం ఎక్కడ పెడతారు, నా తలమీదా?"

పిల్లలు నవ్వారు. పసుపు కార్డు లేచింది. వాగుడుకాయే.

"మరి మూడింట నాలుగు అంటే టీచర్? మూడు గదుల ఇంట నాలుగు దీపాలా?"

"నువ్వే చెప్పు. నాలుగోది ఎక్కడ పెడతావు?"

"పక్కింట్లో."

"అంతే. గ్లాసు దాటి పొంగింది. ఒక ఇల్లు చాల్లేదు."

పిచ్చుక పుస్తకం వెనక ఇల్లు గీసింది. దీపాల బదులు మూడు చందమామలు పెట్టింది. ఇల్లు, దీపాలు తప్ప ఆ గదిలో సాయంత్రం దాకా ఇంకో మాట లేదు. బెల్లు కొట్టేసరికి చెవుల్లో పాట చచ్చిపోయింది.

శనివారం పిచ్చుక పరీక్ష హాలు గేటు దాటుతూనే మొదలుపెట్టింది.

"పిన్నీ, ట్యాంకులో ఐదింట మూడు వంతులు నీళ్లు వాడేశారు, ఎంత మిగిలింది అని ఇచ్చాడు. ముందు చెయ్యి అలవాటుగా ఐదు పైన రాసేసింది."

"తర్వాత?"

"ఉన్నదానికన్నా ఎక్కువ నీళ్లు ఎలా వాడతారు? వంతెన సార్ ట్యాంకేమో అనిపించి నవ్వొచ్చింది. కొట్టేసి ఇల్లు కట్టాను. ఐదింట రెండు మిగిలింది."

పక్కనే వస్తున్న వాగుడుకాయ ఆ ట్యాంకు నీళ్లు ఎవరు వాడారని అడిగింది.

నెల తిరిగేసరికి ఫలితాలు వచ్చాయి. పిచ్చుకకూ వాగుడుకాయకూ సీట్లు వచ్చాయి. ఆ వారంలోనే విశ్వవిద్యాలయంలో అభినందన సభ పెట్టారు. అభినందన పిల్లలకు కాదు, వంతెనకు. వేదిక వెనక పెద్ద బ్యానరు మీద ఉద్దేశిత దోష పద్ధతి అని రాసి ఉంది. కార్డులను దిద్దలేదు. మీద ఒక స్టాంపు గుద్ది, అవే కార్డులను మిగతా బడులకు పంపబోతున్నారు. హెడ్మాస్టరుకు ఫోను వచ్చింది. జిల్లా కుర్చీ ఆయనదే. పెద్దావిడ మాత్రం రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపిందట. ఎవరూ నమ్మలేదు, ఎవరూ అనలేదు.

ఈసారి హాల్లో పిల్లలు లేరు. ఆ పాటి జాగ్రత్త వంతెనకు వచ్చింది.

"మా గుండెకాయ రెండు మాటలు మాట్లాడతారు" అని మైకు ఆమె చేతికిచ్చాడు. పక్కకు వంగి, "ఆ పిల్లలిద్దరూ ప్రాజెక్టు వల్లే పాసయ్యారని చెప్పండమ్మా, చాలు" అన్నాడు.

లెక్కల టీచరు మైకు సరిచేసుకుంది. సీటు వచ్చేసింది. సొరుగులో ఇప్పుడు ఎవరి టికెట్టూ లేదు.

"ఈ ప్రాజెక్టులో ఐదింట నాలుగు వంతుల పని స్కాలరమ్మ చేసింది" అంది. "మామూలు తెలుగులో చదువుకుంటే ప్రొఫెసరుగారికి ఒక వంతు మిగులుతుంది. ఆయన కార్డు ప్రకారం చదువుకుంటే ఉన్న పని కన్నా ఎక్కువే ఆ అమ్మాయి చేసింది, ఈయనే తిరిగి ఆమెకు బాకీ. రెండింట్లో ఏది కావాలో ఆయన్నే తేల్చుకోమనండి. నాకు క్లాసుంది."

మైకు బల్ల మీద పెట్టి మెట్లు దిగింది.

వంతెన నవ్వు మొహం అలాగే పెట్టుకుని, హాలంతా కలియజూస్తూ, "ఎవరికైనా సందేహాలుంటే..." అన్నాడు. సభ చివర అలవాటుగా అనే మాట అది.

వెనక వరసలో స్కాలరమ్మ పసుపు కార్డు ఎత్తింది.